వూహాన్‌లో నీళ్లలోకి దిగిన సబ్‌మెరైన్ కరాచీ చేరినట్టేనా? అసలు ఈ లెక్క ఎలా పెడతారు?

మీరు అడిగింది నేను అర్థం చేసుకున్నంతలో ఇదీ: 2025 డిసెంబర్‌లో "చైనా పాకిస్తాన్‌కు నాలుగు సబ్‌మెరైన్లు ఇచ్చేసింది" అని ఒక యూట్యూబ్ వీడియోలో విన్నారు. అదే వారం ఇంకోచోట ఒక్కటి కూడా సర్వీసులోకి రాలేదని చదివారు. ఇందులో ఏది నిజం, చైనా యార్డుల్లో ఎన్ని డీజిల్ సబ్‌మెరైన్లు తయారవుతున్నాయో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది, ఫ్రీగా దొరికే శాటిలైట్ ఫొటోలతో ఇంట్లో కూర్చుని మనమూ లెక్కపెట్టొచ్చా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆ డిసెంబర్‌లో నాలుగోది నీళ్లలోకి దిగింది. వార్త అంతవరకే. వీడియో చేసినాయన "లాంచ్" అన్న మాటను "ఇచ్చేయడం" అని చదువుకున్నాడు. ఇక లెక్క విషయానికొస్తే, పెట్టొచ్చు, ఎవరైనా పెట్టొచ్చు. కాకపోతే శాటిలైట్ ఫొటోలో మీకు తెలిసేది యార్డు షెడ్డులోంచి బయటపడ్డ సబ్‌మెరైన్ల సంఖ్య ఒక్కటే. అది ఎవరికోసం కట్టారు, ఇంజిన్ ఎక్కడిది, ఎప్పుడు అప్పగిస్తారు అన్నవి అందులో ఉండవు. వాటికోసం కొన్న దేశపు పార్లమెంటు, బడ్జెట్, అక్కడి పేపర్లు వెతకాలి. చైనా తన కోసం కట్టుకునే వాటికి ఫొటోలు ఆధారం. బయటికి అమ్మే వాటికి మాత్రం కాగితాలే ఎక్కువ చెబుతాయి. ఈ తేడా పట్టుబడితే సగం పని అయిపోయినట్టే.

నా గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఇలాంటి విషయాల్లో చెప్పేవాడు ఎవడో తెలియాలి. హైదరాబాద్‌లో రిమోట్ సెన్సింగ్ ఉద్యోగం. పగలంతా శాటిలైట్ ఫొటోల్లో వరి ఎంత, మిర్చి ఎంత, పత్తి ఎంత అని విస్తీర్ణం తేల్చే పని. పుట్టి పెరిగింది విశాఖ కాబట్టి ఓడల పిచ్చి చిన్నప్పటి నుంచి ఉంది. ఆ రెండూ కలిసి పదేళ్ల కింద ఈ అలవాటు పట్టుకుంది. నేవీలో పనిచేయలేదు, నా దగ్గర రహస్యాలేమీ లేవు. నేను చూసేవన్నీ మీరూ చూడగలిగినవే.

ముందు ఆ మాటల తేడా. సబ్‌మెరైన్ తయారీలో మెట్లు ఉంటాయి: స్టీల్ కటింగ్, కీల్ (అడుగు భాగం) వేయడం, లాంచ్ అంటే నీళ్లలోకి దించడం, సముద్రంలో ట్రయల్స్, అప్పగింత, కమిషనింగ్ అంటే నేవీ సర్వీసులోకి చేర్చుకోవడం. ఇల్లు కట్టిన వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లాంచ్ అంటే స్లాబ్ పడ్డట్టు. బయటినుంచి చూసేవాడికి ఇల్లు లేచినట్టే ఉంటుంది. లోపల కరెంటు, ప్లంబింగ్, తలుపులు, రంగులు అన్నీ మిగిలే ఉంటాయి. గృహప్రవేశం అంటే కమిషనింగ్. ఈ రెంటి మధ్య సబ్‌మెరైన్‌కు ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు. కొన్న దేశం సిబ్బంది దాన్ని నడపడం, మునగడం, పైకి లేవడం నేర్చుకోవాలి కాబట్టి ఎగుమతి వాటికి ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు.

పాకిస్తాన్ ఒప్పందాన్నే తీసుకుందాం. 2015లో కుదిరింది, మొత్తం ఎనిమిది. నాలుగు చైనాలో, నాలుగు కరాచీ షిప్‌యార్డులో కట్టాలని మాట. మొదటి నాలుగూ 2023కల్లా, మిగతావి 2028కల్లా అని అప్పట్లో చెప్పుకున్నారు. జరిగింది చూడండి. మొదటిది హంగోర్, 2024 ఏప్రిల్ 26న వూహాన్‌లో లాంచ్. రెండోది షుషుక్, 2025 మార్చి 15న. మూడోది మంగ్రో, 2025 ఆగస్టు 14న, అంటే సరిగ్గా వాళ్ల స్వాతంత్ర్య దినం రోజున. నాలుగోది ఘాజీ, 2025 డిసెంబర్ 17న. మొదటికీ రెండోదానికీ పదకొండు నెలల ఎడం. తర్వాత ఐదు, ఆ తర్వాత నాలుగు. ఈ వేగం చూస్తే షెడ్డుల్లో పని పక్కపక్కనే ఒకేసారి నడిచిందనీ, మొదటిదాని దగ్గర పడ్డ చిక్కులు తర్వాతివాటికి పడలేదనీ నేను అర్థం చేసుకున్నాను. ఇది నా ఊహే, కాగితం మీద ఎవరూ రాసివ్వలేదు. పాకిస్తాన్ నేవీ చీఫ్ అడ్మిరల్ నవీద్ అష్రఫ్ 2025 నవంబర్‌లో ఒక చైనా పత్రికతో మాట్లాడుతూ మొదటిది 2026లో సర్వీసులోకి వస్తుందన్నారు. అంటే లాంచ్ తర్వాత కనీసం ఇరవై నెలలు. మీ వీడియోకు అదే జవాబు.

ఆ పేర్ల మీద ఒక చిన్న పక్కదారి, విశాఖవాడిని కాబట్టి ఆపుకోలేను. 1971లో మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది పాత హంగోర్, ఆ డిసెంబర్ 9న. అది ఫ్రాన్స్‌లో కట్టిన డాఫ్నే రకం. ఆ రకంలో పాకిస్తాన్ దగ్గర ఉన్నవి హంగోర్, షుషుక్, మంగ్రో. విశాఖ ముందు మునిగిన ఘాజీ వేరు, అది అమెరికా నుంచి వచ్చిన పాత సబ్‌మెరైన్. తర్వాత 1975లో పోర్చుగల్ దగ్గర ఇంకో డాఫ్నే కొని దానికి మళ్లీ ఘాజీ అని పెట్టుకున్నారు. ఇప్పుడు చైనా ఇస్తున్న నాలుగింటికీ అవే పేర్లు, ఆ వరసలోనే. మనవాళ్లు చాలామంది "ఘాజీ మళ్లీ వచ్చింది" అని రాస్తుంటే నాకు నవ్వొస్తుంది. ఇది రెండోసారి కాదు, మూడోసారి.

ఎక్కడ చూడాలి. చైనా డీజిల్-ఎలక్ట్రిక్ సబ్‌మెరైన్లకు అసలు ఇల్లు వూహాన్. సముద్రం నుంచి నది దారిలో దాదాపు వెయ్యి కిలోమీటర్ల లోపల, యాంగ్‌ట్జీ నది ఒడ్డున ఉంది. అక్కడి వూచాంగ్ షిప్‌యార్డు చాలాకాలం నగరం నడిబొడ్డున ఉండేది. ఎదుటి ఒడ్డున నడుస్తూ పోయేవాళ్లు, ఫెర్రీ ఎక్కినవాళ్లు ఫోన్‌తో తీసిన ఫొటోలు చైనా ఫోరమ్‌లలో కుప్పలుగా వచ్చేవి. మాలాంటి వాళ్లకు అది పండగ. తర్వాత సబ్‌మెరైన్ పని నగరానికి దిగువన షువాంగ్‌లియు అనే చోటికి మారింది. చుట్టూ పొలాలు, ఎత్తైన అపార్ట్‌మెంట్లు లేవు. పైగా 2023 జూలై 1 నుంచి చైనా గూఢచర్య నిరోధక చట్టాన్ని గట్టిపరిచింది. ఒడ్డు మీది ఫొటోలు నా కంటికి బాగా తగ్గిపోయాయి. శాటిలైట్ మీద ఆధారపడక తప్పని పరిస్థితి అప్పుడే వచ్చింది.

యువాన్ అని నాటో పిలిచే 039ఎ రకంలో మొదటిది 2004లో వూహాన్‌లోనే నీళ్లలోకి దిగింది. తర్వాత షాంఘై దగ్గరి జియాంగ్‌నాన్ యార్డు కూడా కొన్ని కట్టింది. న్యూక్లియర్ సబ్‌మెరైన్లు కట్టేది ఇంకోచోట, ఉత్తరాన బోహాయ్ తీరంలోని హులుడావోలో. అందువల్ల చాలా ఏళ్లు మా లెక్క చాలా సుళువుగా ఉండేది: వూహాన్‌లో కనిపిస్తే డీజిల్, హులుడావోలో కనిపిస్తే న్యూక్లియర్. 2024లో ఆ సూత్రం మీద కూడా అనుమానం వచ్చింది. ఆ కథ కింద చెబుతాను.

పిక్సెల్ లెక్క. ఇది తెలియకుండా ఫొటోలు తెరిస్తే కాకి లెక్కలే వస్తాయి. ఫ్రీగా దొరికే వాటిలో అందరూ వాడేది యూరప్ వాళ్ల శాటిలైట్ సెంటినెల్-2. అందులో ఒక పిక్సెల్ అంటే నేల మీద పది మీటర్లు. యువాన్ పొడవు సుమారు 77 మీటర్లు, వెడల్పు 8.4 మీటర్లు. అంటే మీకు కనిపించేది ఎనిమిది పిక్సెళ్ల గీత. వెడల్పులో ఒక పిక్సెల్ కూడా నిండదు, సగం నీళ్లు, సగం ఇనుము కలిసిన బూడిదరంగు. రోజూ ఫొటో తీసే ప్లానెట్ శాటిలైట్లలో పిక్సెల్ మూడు మీటర్లు, అక్కడ అదే సబ్‌మెరైన్ పాతిక పిక్సెళ్ల పొడవు, మూడు పిక్సెళ్ల వెడల్పు అవుతుంది. ఆకారం తెలుస్తుంది. ముప్ఫై సెంటీమీటర్ల కమర్షియల్ ఫొటోల్లో అయితే వెనక చుక్కాని ప్లస్ ఆకారంలో ఉందా, ఎక్స్ ఆకారంలో ఉందా కూడా చెప్పొచ్చు. వాటికి డబ్బులు కట్టాలి, లేదా గూగుల్ ఎర్త్‌లో పాత తేదీలవి వచ్చేదాకా ఆగాలి.

మీ కన్ను సరిపోతుందో లేదో చూసుకోవడానికి ఒక మంచి పరీక్ష విశాఖ ఆర్కే బీచ్‌లోనే ఉంది. 2001లో నేవీ నుంచి రిటైరై 2002లో మ్యూజియంగా మారిన కుర్సురా. 91 మీటర్ల పొడవు, దాదాపు ఎనిమిది మీటర్ల వెడల్పు, ఎటూ కదలదు. ముందు గూగుల్ ఎర్త్‌లో చూసి కొలవండి. తర్వాత అదే చోటు సెంటినెల్-2లో తెరవండి. అది కుర్సురా అని ముందే తెలిసి కూడా ఇసుక, రోడ్డు, చెట్ల మధ్య దాన్ని వేరుచేసి చూడటానికి మీకెంత కష్టపడాల్సి వస్తుందో గమనించండి. అలాంటప్పుడు వెయ్యి క్రేన్లు, బార్జీలు, నీడలు ఉన్న యార్డులో "అదిగో సబ్‌మెరైన్" అని ఎవరైనా ఎర్ర గీత గీసి పెడితే ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది. నేను కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్లకూ మొదట కుర్సురానే చూపిస్తాను.

ఇంకో చిక్కు పొడవుతో. చైనా డీజిల్ సబ్‌మెరైన్లలో సాంగ్ రకం 75 మీటర్లు, యువాన్ 77, పాత మింగ్ రకం 76. పొడవు కొలిచి రకం చెప్పడం కుదరదు. రష్యా నుంచి కొన్న పన్నెండు "కిలో" రకం సబ్‌మెరైన్లు మాత్రం లావుగా, దాదాపు పది మీటర్ల వెడల్పుతో ఉంటాయి కాబట్టి మంచి ఫొటోలో తెలుస్తాయి. మిగతావాటికి పైన పొడుచుకొచ్చిన భాగం, దాన్ని సెయిల్ అంటారు, దాని ఆకారం చూడాలి. యువాన్‌లో కొత్త రకానికి సెయిల్ గోడలు ఏటవాలుగా కోసినట్టు ఉంటాయి. అది 2021లో బయటపడింది. పాకిస్తాన్‌కు వెళ్లేది ఎగుమతి కోసం మార్చిన ఎస్26 రకం, దాదాపు 76 మీటర్లు, 2,800 టన్నులు. పై నుంచి చూస్తే చైనా సొంత యువాన్‌కూ దీనికీ తేడా పట్టుకోవడం నావల్ల కాదు. ఎవరైనా పట్టుకున్నామంటే సెయిల్, మాస్ట్‌లు కనిపించే పక్క ఫొటో చూపించమనండి.

నేను చేసిన తప్పులు, మీరు చేయకుండా ఉండటానికి చెబుతున్నాను. మొదటి రెండేళ్లలో ఒకే సబ్‌మెరైన్‌ను రెండుసార్లు లెక్కపెట్టాను. ఒక జెట్టీ నుంచి పక్క జెట్టీకి మార్చారు, మధ్యలో మూడు వారాలు మబ్బులు. నాకు రెండు వేర్వేరు సబ్‌మెరైన్లు కనిపించినట్టే అనిపించింది, గర్వంగా పోస్టు కూడా పెట్టాను. ఒక చైనీస్ కుర్రాడు మర్యాదగా సరిదిద్దాడు. ఇంకోసారి రెండింటిని పక్కపక్కనే కట్టేస్తే ఒక్కటే అనుకున్నాను. ఇంకోసారైతే టార్పాలిన్ కప్పిన బార్జీని ఏకంగా కొత్త రకం అన్నాను. అప్పటినుంచి నా నియమం ఒక్కటే: వేర్వేరు రోజుల ఫొటోల్లో కనిపించినవాటిని కూడకూడదు. ఒకే ఫొటోలో ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనిపించాయో అదే కనీస సంఖ్య. ఆ పైన చెప్పే ప్రతి అంకె పక్కన "బహుశా" అని రాసుకుంటాను.

మబ్బుల గురించి కూడా తెలుసుకోండి. జూన్, జూలైలో వూహాన్ ప్రాంతమంతా వానలే. సెంటినెల్-2 ఐదు రోజులకోసారి వచ్చినా వరసగా నెల రోజులు తెల్లటి దూది తప్ప ఏమీ దొరకని ఏడాదులు చూశాను. దీనికి జంటగా తిరిగే రాడార్ శాటిలైట్ సెంటినెల్-1 ఉంది, మబ్బు, చీకటి దానికి అడ్డు కావు. నీటి మీద ఇనుము తెల్లగా మెరుస్తుంది. కానీ జెట్టీ కూడా ఇనుమే, క్రేనూ ఇనుమే. నది మధ్యలో ఉన్న ఓడకు బాగా పనికొస్తుంది, ఒడ్డుకు కట్టేసినదానికి అంతంతమాత్రం. పైగా ఆ జంటలో ఒకటి 2021 డిసెంబర్‌లో పాడైంది. దాని బదులు ఇంకొకటి 2024 డిసెంబర్‌లో గానీ పైకి వెళ్లలేదు. ఆ మూడేళ్లూ ఆరు రోజులకు రావాల్సింది పన్నెండు రోజులకు వచ్చేది.

సరిగ్గా ఆ ఖాళీలోనే పడింది 2024 కథ. ఆ ఏడాది ఎండాకాలంలో షువాంగ్‌లియు జెట్టీ దగ్గర, కొత్తగా బయటికి వచ్చిన ఒక సబ్‌మెరైన్ ఉండాల్సిన చోట నీటి మీద తేలే పెద్ద క్రేన్లు గుమిగూడాయి. ఆ సబ్‌మెరైన్ చుక్కాని ఎక్స్ ఆకారంలో ఉందని అప్పటికే కొందరు గుర్తించారు. ఈ క్రేన్ల సంగతిని అమెరికా నేవీలో సబ్‌మెరైన్ ఆఫీసరుగా చేసి రిటైరైన థామస్ షుగార్ట్ జూలైలో బయటపెట్టాడు. ఏదో మునిగి ఉండొచ్చన్నాడు. సెప్టెంబర్‌లో అమెరికా రక్షణ అధికారులు అది మునిగిందని, న్యూక్లియర్ రకంలో మొదటిదని పత్రికలకు చెప్పారు. చైనా దాన్ని ధ్రువీకరించలేదు. న్యూక్లియర్ అన్నదాని మీద నిపుణులు ఇప్పటికీ తలోమాట అంటున్నారు. డీజిల్ సబ్‌మెరైన్‌కు చిన్న అణు యంత్రం తోడుగా పెట్టారేమో అన్న వాదన కూడా ఉంది. నా కంటికి అది మామూలు యువాన్ కన్నా పొడుగ్గా ఉంది, అంతకుమించి నేను సాక్ష్యం చెప్పలేను.

ఆ జూన్‌లో నేను ఏం చేశానంటారా? మబ్బులని వదిలేశాను. షుగార్ట్ వెతికింది సబ్‌మెరైన్‌ను కాదు, మామూలుగా ఉండని క్రేన్లను. యార్డుకు ఒక అలవాటు ఉంటుంది. ఏ జెట్టీలో ఏది కడతారు, క్రేన్లు ఎక్కడ నిలబడతాయి, టగ్‌లు ఎప్పుడు వస్తాయి. రెండేళ్లు అదే చోటు చూస్తూ ఉంటే ఆ అలవాటు మీకు మన వీధి కూరగాయల బండి టైమింగ్‌లా తెలిసిపోతుంది. అలవాటు తప్పిన రోజే అసలు వార్త.

ఇక ఎగుమతి. ఇక్కడే కాగితాల పని మొదలవుతుంది, నాకు ఇష్టమైన భాగం కూడా ఇదే. థాయిలాండ్ కథ చూడండి. 2017లో ఒక ఎస్26టి, అంటే థాయ్ కోసం మార్చిన ఎస్26 రకం సబ్‌మెరైన్ కోసం 1,350 కోట్ల బాత్‌లకు ఒప్పందం చేసుకున్నారు. మొత్తం మూడు, 3,600 కోట్ల బాత్‌లు అని ప్లాన్. 2018లో స్టీల్ కోశారు, 2019లో కీల్ వేశారు. రెండోది, మూడోదానికి డబ్బు కేటాయించబోతే 2020లో కోవిడ్ రోజుల్లో జనం తిరగబడ్డారు, వాయిదా పడింది. అప్పటికే మన చానళ్లు "థాయిలాండ్‌కు మూడు చైనా సబ్‌మెరైన్లు" అని మ్యాపులు కూడా గీసేశాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

తర్వాత ఇంజిన్ దగ్గర ఆగింది. ఒప్పందంలో రాసింది జర్మనీ ఎంటీయూ కంపెనీ 396 రకం డీజిల్ ఇంజిన్. తియానన్మెన్ తర్వాత 1989 నుంచి యూరప్ దేశాలు చైనాకు ఆయుధాల అమ్మకం మీద నిషేధం పెట్టాయి. చైనా తన సొంత సబ్‌మెరైన్లలో ఆ ఇంజిన్లు చాలా ఏళ్లు వాడింది. కానీ చైనా ఇంకో దేశానికి అమ్మే యుద్ధ సబ్‌మెరైన్‌లో పెట్టడానికి మాత్రం జర్మనీ అనుమతి ఇవ్వలేదు. ఇది 2022లో బయటపడింది. చైనా తన సీహెచ్‌డీ620 ఇంజిన్ ఇస్తామంది. థాయ్ నేవీ సందేహించింది, ఎందుకంటే అప్పటికి అది సముద్రంలో సబ్‌మెరైన్‌లో నలిగిన ఇంజిన్ కాదు. 2023లో కొత్త రక్షణ మంత్రి సబ్‌మెరైన్ బదులు ఫ్రిగేట్ తీసుకుందామన్నాడు. మళ్లీ వెనక్కి. చివరికి 2025 ఆగస్టులో థాయ్ కేబినెట్ చైనా ఇంజిన్‌కు ఒప్పుకుని గడువును 1,217 రోజులు పొడిగించింది. అంటే 2028 చివరికి. ఈ ఏళ్లన్నీ ఆ సబ్‌మెరైన్ షెడ్డులోనే ఉంది. శాటిలైట్ ఫొటోలు పట్టుకుని కూర్చున్నవాడికి ఈ కథలో ఒక్క ముక్క కూడా తెలిసేది కాదు. బ్యాంకాక్ పేపర్లను గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో చదివినవాడికి మొత్తం తెలుసు.

అందుకే ఎవరైనా "ఫలానా దేశానికి చైనా సబ్‌మెరైన్" అంటే నేను మొదట అడిగేది ఇంజిన్ ఏది, డబ్బు ఏ ఏడాది బడ్జెట్‌లో ఉంది అని. పాకిస్తాన్ ఆ ఇంజిన్ దగ్గర థాయ్‌లంత గొడవ చేయలేదు. చేసే పరిస్థితీ లేదు. ఆయుధాల అమ్మకాలను లెక్కగట్టే స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ ప్రకారం 2020-24 మధ్య పాకిస్తాన్ దిగుమతి చేసుకున్న ఆయుధాల్లో 81 శాతం చైనావి. చైనా అమ్మిన మొత్తంలో 63 శాతం పాకిస్తాన్‌కే. ఇలాంటి సంబంధంలో బేరం ఎవరి చేతిలో ఉంటుందో చెప్పనక్కర్లేదు. థాయ్‌లకు ధైర్యం చెప్పడానికి చైనా చూపించిన ఉదాహరణల్లో పాకిస్తాన్ సబ్‌మెరైన్లు ఉన్నాయని కూడా వార్తలొచ్చాయి.

బంగ్లాదేశ్, మయన్మార్ సంగతి వేరే రకం. వాటికి వెళ్లినవి కొత్తవి కావు, చైనా నేవీ వాడేసిన పాత మింగ్‌లు. బంగ్లాదేశ్‌కు రెండు 2016 నవంబర్‌లో అప్పగించారు, 2017 మార్చి 12న చిట్టగాంగ్‌లో కమిషన్ చేశారు. రెండింటికీ కలిపి 20 కోట్ల డాలర్ల పైచిలుకు. మయన్మార్‌కు ఒకటి, 2021 డిసెంబర్ 24న. సరిగ్గా ఏడాది ముందు, అదే డిసెంబర్ 24న మయన్మార్ కమిషన్ చేసుకున్నది మనం ఇచ్చిన సింధువీర్‌ను. దాన్ని రిపేరు చేసి సిద్ధం చేసింది విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డే. మనది వెళ్లిన ఏడాదికి వాళ్లదీ వెళ్లింది, పోటీ ఎంత నేరుగా ఉందో చూడండి. ఇలాంటి సెకండ్‌హ్యాండ్ అమ్మకాలు కొత్త సబ్‌మెరైన్ల యార్డు ఫొటోల్లో దొరకవు. ముందుగా పసిగట్టాలంటే కొనేవాళ్ల ఒడ్డున చూడాలి. సబ్‌మెరైన్‌కు లోతైన నీళ్లు, జెట్టీ, బ్యాటరీ చార్జింగ్ ఏర్పాట్లు కావాలి, అవన్నీ మట్టి పనులు. కాక్స్ బజార్ జిల్లా పెకువా దగ్గర 2023 మార్చిలో ప్రారంభోత్సవం జరిగిన బంగ్లాదేశ్ సబ్‌మెరైన్ స్థావరాన్ని గూగుల్ ఎర్త్‌లో వెనక్కి వెనక్కి జరిపి చూడండి. ఖాళీ తీరం, తవ్వకం, బేసిన్, జెట్టీ, అన్నీ వరసగా కనిపిస్తాయి. ఏ సబ్‌మెరైన్ కన్నా తేలిగ్గా కనిపించేది దాని కొట్టమే.

చైనా సొంత లెక్క ఎంత అని కూడా అడిగారు. పెంటగాన్ ఏటా ఇచ్చే నివేదికలో, 2023 నాటికి, న్యూక్లియర్ కానివి 48. యువాన్ ఒక్కటే 2025కల్లా పాతిక లేదా ఆపైన అవుతాయని అందులోనే అంచనా. నా సొంత పట్టిక దీనికి దగ్గరగానే వస్తుంది. కానీ నిజం చెప్పాలంటే పాకిస్తాన్ లాంచ్‌లు మొదలయ్యాక నా పట్టికలో గందరగోళం పెరిగింది. ఒకే యార్డు, ఒకే పొడవు, ఒకే జెట్టీ. వేడుక జరిగిన తేదీకి అటూ ఇటూ రెండు వారాల్లో కనిపించినదాన్ని పాకిస్తాన్ ఖాతాలో వేస్తాను, మిగతావి చైనా ఖాతాలో. తప్పు జరిగే చోటు అదే.

మీరు మొదలుపెట్టాలంటే పెద్దగా ఏమీ అక్కర్లేదు. సెంటినెల్ ఫొటోలు చూపించే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీ అకౌంట్, ఒక ఎక్సెల్ షీటు. తేదీ, ఏ శాటిలైట్, పిక్సెల్ ఎంత, ఏ జెట్టీ, ఎన్ని మీటర్లు, నమ్మకం ఎంత, ఈ ఆరు గడులు చాలు. మబ్బు ఉన్న రోజు కూడా ఒక వరస రాయండి, "చూశాను, కనపడలేదు" అని. "లేదు" వేరు, "కనపడలేదు" వేరు, ఆర్నెల్ల తర్వాత ఆ తేడా మీకు గుర్తుండదు. చూసేది ఒక్క యార్డే పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. ఇదే సరదా మన నేవీ స్థావరాల మీద చేసి, విశాఖలో ఏ జెట్టీకి ఏది కట్టారో సోషల్ మీడియాలో పెట్టకండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా బతికే ఉంది, "ఫొటో ఫ్రీగా దొరికింది సార్" అన్న మాట స్టేషన్‌లో ఎంతవరకు పనికొస్తుందో నేను పరీక్షించి చూడలేదు. కుర్సురా మ్యూజియం కాబట్టి ఇబ్బంది లేదు.

కరాచీ వైపు కూడా ఒక కన్ను వేసి ఉంచండి. ఐదోది తస్నీమ్, దాని కీల్ 2022 డిసెంబర్‌లో అక్కడే వేశారు. వూహాన్ అనుభవం ఉన్నవాళ్లు కట్టడం వేరు, మొదటిసారి ఎస్26 కడుతున్నవాళ్లు కట్టడం వేరు, అందుకే 2028 అన్న గడువును నేను పెద్దగా నమ్మను. మీ షీటులో మొదటి నెల వరసలు నిండాక ఇక్కడే పెట్టండి, కుర్సురాకు మీకు వచ్చిన కొలతతో సహా. 91కి ఎంత తేడా వచ్చిందో చూసి, మీ వూహాన్ కొలతల్లో ఎంత తీసేయాలో చెబుతాను.